ఈలల నడవా

ఎండుమిరపకాయ నూనెలో మాడితే వచ్చే ఘాటు ఎవరి మర్యాదా చూడదు. ఆ మధ్య ఒక శుక్రవారం పొద్దున అది సబా అల్ సలేంలో మా మామా ఇంటి ఏసీ హాల్లో పుట్టి, పట్టు దిళ్ళ మీద కాసేపు దొర్లి, గోడకి వేలాడే తివాచీ పోగుల్లోకి దూరి, పాలరాతి మెట్లెక్కి, మేడ మీద పడకగదుల తలుపులు ఒక్కొక్కటే తట్టింది. మామా అంటే నేను వంట చేసే కువైటీ ఇంటి పెద్దావిడ. ఇళ్ళల్లో పనిచేసే మేమందరం యజమానురాలిని అలాగే పిలుస్తాం. మామా దగ్గింది, మామా పెద్దకొడుకు దగ్గాడు, అతని కూతురు నూరా నిద్రకళ్ళతో దగ్గుకుంటూ దిగివచ్చి, అందరికన్నా ముందు తలుపు తీసుకుని పెరట్లోకి పరుగెత్తింది.

"షినూ హాదా, సత్యా," అంది మామా తలగుడ్డ అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఏమిటిది అని.

"పప్పులోకి పోపు మామా," అన్నాను.

దీని వెనక సంగతి చెప్పాలి. ఇక్కడి పాత పద్ధతి ఇళ్ళల్లో అసలు వంటగది ఇంట్లో ఉండదు. చేపా, ఉల్లిపాయా, మరిగే నూనే వచ్చినవాళ్ళ బట్టలకి అంటకూడదని పెరట్లో ప్రహరీగోడకి ఆనించి విడిగా కడతారు. మా వంటగది పక్కనే నా గది. ఇంటికీ వంటగదికీ మధ్య పలకలు పరిచిన ఖాళీ జాగా, దాని మీద కువైట్ ఎండ. జూలైలో అన్నం పళ్ళెం పట్టుకుని అటు నుంచి ఇటు వచ్చేలోపు అన్నం దారిలోనే ఇంకో ఉడుకు ఉడుకుతుంది, అనుమానం ఉంటే వచ్చి చూసుకోవచ్చు. మామా పెద్దకొడుకు పైదేశంలో చదువుకుని వచ్చినవాడు. వంటగది హాల్లోనే, అందరికీ కనబడేలా, అద్దంలా మెరుస్తూ ఉండాలనీ, పెరట్లోది పడగొట్టి మూడో కారుకి షెడ్డు వెయ్యాలనీ, నన్ను మేడ మీద నీళ్ళ ట్యాంకుల పక్క గదిలోకి పంపాలనీ అతని ఆలోచన. హాల్లో ఓ మూల కరెంటు పొయ్యి బిగించి, ఇవాళ్టి నుంచి ఇక్కడే వండమన్నాడు. నేను సరేనన్నాను. ఫహాహీల్ బజార్లో మనవాళ్ళ కొట్లో కొనుక్కొచ్చిన గుంటూరు మిరపకాయలు గుప్పెడు తుంచి నూనెలో వేశాను. నేను చేసింది అంతే.

కానీ ఆ ఘాటు నా ముక్కుకి కూడా తగిలింది. తగిలేసరికి పాలరాతి హాలు కాస్తా పోయి, కాలవగట్టు మీద ఎత్తైన పెంకుల కప్పూ, దాని వెనక ఇటుక స్తంభాల నడవా, నడవా చివర పొయ్యి ముందు నిలబడి నవ్వు ఆపుకుంటున్న మా నాయనమ్మ సూరమ్మా కళ్ళ ముందుకి వచ్చారు. నాకు సత్యవతి అని పేరు పెట్టింది ఆవిడే. పెట్టి, తనకు తెలిసిన కథలన్నీ నాకే అప్పజెప్పింది. పేరుకీ పెంపకానికీ పొత్తు కుదరకపోతే ఆ తప్పు నాది కాదు.

మా ఊరి పేరు చెప్పను, చెబితే అక్కడివాళ్ళెవరైనా వచ్చి నా మాటలు సరిదిద్దుతారు. కోనసీమలో ఒక పెద్ద కాలవ, కాలవకి నీళ్ళు ఆపే లాకులు, లాకుల పక్కన గట్టు మీద దొరల బంగళా, అంతవరకు చాలు. కాలవ పనులు చేయించడానికి వచ్చిన ఒక ఇంగ్లీషు దొరకి సొంత ఇంటి మీద బెంగ పుట్టిందట. సముద్రాలకి అవతల, గొర్రెలు మేసే పచ్చిక బీళ్ళ మధ్య, తాతల నాటి ఇల్లు వాళ్ళది. ఆ ఇంటిని ఆయన కళ్ళు మూసుకుని తలుచుకుంటూ గాలిలో వేలితో గీస్తూ ఉంటే, ఎదురుగా నిలబడ్డ మన తాపీమేస్త్రీలు గీసిందల్లా ఇటుకల్లో కట్టుకుంటూ పోయారట. ఇది ఇక్కడెందుకని దొర అనుకోలేదు, ఇది మనకెందుకండీ అని మేస్త్రీలు అడగలేదు. అలా కొబ్బరితోటల మధ్య మంచు దేశపు ఇల్లు ఒకటి లేచి నిలబడింది.

దాని కప్పు మంచు జారిపోవడానికని అంత ఏటవాలుగా పెట్టింది. మా దగ్గర దాని మీద పడినవి వానా, కొబ్బరిమట్టలూ మాత్రమే. ఆ పెంకుల మీద వాలిన కాకి నిలదొక్కుకోలేక చూరు దాకా జర్రున జారి, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసి ఎగిరిపోవడం నేను కళ్ళారా చూశాను. ముందు వైపు గోడ పైకి పోయి పోయి త్రికోణంలా ముగిసేది, దాని నుదుట గుండ్రని కిటికీ. కింద గుర్రబ్బండి వచ్చి ఆగడానికి పెద్ద కమాను. లోపల టేకు మెట్లు, మెట్ల మలుపులో ఎర్ర అద్దం బిగించిన కిటికీ ఒకటి. సాయంత్రం ఎండ ఆ అద్దంలోంచి ఐదో మెట్టు మీద పడితే అందులో చెయ్యి పెట్టి, గోరింటాకు పండిందే అని ఒకళ్ళకొకళ్ళం చూపించుకునేవాళ్ళం. హాల్లో మనిషి వంగితే దూరిపోయేంత చలిపొయ్యి ఉండేది. దొర దాన్ని వెలిగించింది ఒక్కసారేనట. బెంగ ఆపుకోలేక నడి వైశాఖంలో ఊలు కోటు తొడుక్కుని దాని ముందు కూర్చుంటే, ఆయనకి కారిన చెమట గుమ్మం దాటి, గట్టు దిగి, కాలవలో కలిసి, కింది లాకుల దగ్గర మంచినీళ్ళు ఉప్పగా వస్తున్నాయని రైతులు గొడవకి వచ్చారని నాయనమ్మ చెప్పేది. మా రోజులకి ఆ పొగగొట్టం పిట్టగూళ్ళతో మూసుకుపోయింది. పొయ్యి కడుపులో మేము కిరాణా కొట్టు పెట్టుకుని, ఇటుక పొడి కారంగానూ చింతపిక్కలు కందిపప్పుగానూ అమ్ముకునేవాళ్ళం.

గోడలు రెండు మూరల మందం. సున్నాన్ని ఎద్దులు గానుగలో తిప్పి తిప్పి వెన్నలా చేస్తే, అందులో బెల్లం నీళ్ళూ కరక్కాయ రసమూ కోడిగుడ్ల సొనా కలిపి పూశారట. ఎన్ని గుడ్లు పోశారంటే, చుట్టుపక్కల కోళ్ళన్నీ అలిగి ఏటి అవతలికి వెళ్ళిపోయాయనీ, ముసురు పట్టినప్పుడు గోడలు అట్టు వాసన వేసేవనీ నాయనమ్మ మాట. అట్టు సంగతి నాకు తెలియదు గానీ, బెల్లం నిజమే. చీమలు బారులు తీరి గోడని నాకడం చూసి నేనూ ఒకసారి నాకాను. కాస్త తియ్యగానే ఉంది, తరవాత నాలిక పొక్కింది.

అయితే మేము ఉండేది ఆ బంగళాలో కాదు. అది పెద్ద ఆఫీసర్లు వచ్చినప్పుడు దిగడానికి. మిగతా రోజుల్లో నాయనమ్మ ఊడ్చి తాళం వేసేది. మా కాపురం దాని వెనక వంటసాలలో. నాన్న లాకుల దగ్గర లస్కరు, తలుపులు ఎత్తడం దించడం ఆయన పని. వంటసాల చూడ్డానికి బంగళా ఈనిన దూడలా ఉండేది, అదే ఇటుక, అదే సున్నం, అదే కోసు కప్పు, అన్నీ చిన్నవి. లోపల ఒకే వరసలో మూడు పొయ్యిలు, వాటి మీద గొడుగులా వంగిన పొగగూడు, దూలానికి వేలాడే ఇనప కొక్కేలు. దొర రోజుల్లో ఆ కొక్కేలకి మాంసం వేలాడదీసేవారట; మా రోజుల్లో అరటిగెలా, ఉల్లిపాయల బుట్టా, ఎవరు పుడితే వాళ్ళ ఉయ్యాలా వేలాడేవి.

వంటసాలనీ బంగళానీ కలుపుతూ నడవా ఉండేది. రెండు వైపులా ఇటుక స్తంభాలు, మోకాలెత్తు పిట్టగోడ, పైన పెంకులు, కింద నున్నటి ఇటుకల నేల. తిన్నగా పోకుండా మధ్యలో మోచెయ్యిలా ఒక వంపు తిరిగేది, పొగా నిప్పురవ్వా గాలికి సూటిగా భోజనాల గదిలోకి పోకుండా. ఆ నడవాకి ఒక చట్టం ఉంది. వంటవాడు పళ్ళెం చేత పట్టుకుని వంటసాల గడప దాటిన దగ్గర్నించి భోజనాల బల్ల చేరేదాకా ఆపకుండా ఈల వెయ్యాలి. ఈల వేసే నోరు నమలలేదు కదా, అదీ దొర లెక్క. వాళ్ళ నాన్నగారింట్లో కూడా అదే పద్ధతట.

ఆ ఈల వేసినవాడు మా తాతకి తండ్రి, బట్లరు వీరన్న. ఆయన ఈలలో వంటకాలు తెలిసేవట. చారు అయితే సాగదీసి లోగొంతుకతో, వేపుడైతే టకటకా కవాతులా, కోడిగుడ్ల పుడ్డింగు అయితే పైకి లేచి గిరికీలు కొడుతూ వచ్చేది. ఆ ఈలకి కాలవలో పడవలు ఆగిపోయేవనీ, పడవవాళ్ళు గెడలు ఆనించి ఇవాళ దొరకి ఏం వడ్డించారో చెప్పుకునేవాళ్ళనీ ప్రతీతి. ప్రతీతి అంటే మా ఇంట్లో. ఇలా ఉండగా బల్ల మీదకి చేరే కట్లెట్లు రోజుకొకటి తగ్గసాగాయి, ఈల మాత్రం ఎక్కడా తెగలేదు. దొరకి బుర్ర పనిచెయ్యలేదు. చివరికి ఒకనాడు పళ్ళెం బల్ల మీద పెట్టేసి వీరన్న చేతులు కట్టుకుని నిలబడ్డాక కూడా నడవాలోంచి కవాతు ఈల వినిపిస్తూనే ఉందట. వెళ్ళి చూస్తే వంపు దగ్గర దూలం మీద గోరింక. ఏడాదిగా వీరన్న దానికి అన్నం మెతుకులు పెట్టి ఈల నేర్పి, అది తన వంతు వేస్తుంటే తను కట్లెట్టు తినేవాడు. దొర నవ్వి నవ్వి కూర్చున్న కుర్చీ కాలు విరగ్గొట్టుకున్నాడు. మూడు కాళ్ళ కుర్చీ ఒకటి మా వంటసాల మూల నేను చూశాను కాబట్టి కథ నిజమే అయ్యుండాలి.

దొరలు పోయినా మా ఇంట్లో ఆ చట్టం పోలేదు. నాన్న ఈల వేసేవాడు, తాత వేసేవాడట, ముందు పళ్ళు ఊడిపోయిన నాయనమ్మ వేస్తే ఉసూరుమని గాలి మాత్రం వచ్చేది గనక ఆవిడ వంతు నాకు వచ్చింది. ఆడపిల్ల ఈల వేస్తే ఇంటికి మంచిది కాదని ఊళ్ళో ఎవరైనా అంటే నాయనమ్మ చుట్ట నోట్లోంచి తీసి, "మీ ఇళ్ళకి కాదేమోనమ్మా, మా కొంపకి కూడు పెట్టింది ఆ ఈలే," అనేది. మా ఆటల్లోకెల్లా పెద్ద ఆట కూడా అదే: నేను వంటసాల గడపలో నిలబడి ఈల వేస్తే, భోజనాల గది గుమ్మంలో కూర్చున్న పిల్లలు అది ఏ వంటకమో చెప్పాలి. తప్పు చెప్పినవాళ్ళు వంపు దాకా కుంటికాలితో రావాలి. గోరింకలు అప్పటికీ ఆ దూలాల మీదే గూళ్ళు పెట్టేవి, వీరన్న పిట్ట మనవలూ మునిమనవలూ.

ఆ నడవాలోనే మాకు ఏడాదంతా గడిచేది. వానాకాలం రెండు వైపులా చూరునీళ్ళు తెరల్లా దిగుతుంటే మధ్యలో పొడిగా కూర్చుని, పనసాకుల బుట్టల్లో ఉడికిన ఇడ్లీపిండి పొట్టిక్కలు వేడివేడిగా విప్పుకుంటే, ఆకు వాసనా ఆవిరీ తడిసిన ఇటుక వాసనా కలిసి కడుపు సగం ముక్కుతోనే నిండేది. చవితికి ఉండ్రాళ్ళు పిట్టగోడ మీద బారుగా ఆరేవి, కప్పలు వాటిని చూసి తమ గుడ్లనుకుని కాపలా కాసేవి. అట్లతద్దికి చీకటితోనే ఊళ్ళో ఆడపిల్లలందరూ పండిన చేతులతో వచ్చేసేవాళ్ళు; గోంగూర పచ్చడి, పులుసు, గడ్డపెరుగు వేసుకుని తెల్లవారకుండానే అన్నాలు తిని, నడవా టేకు దూలాలకి మోకులు కట్టి ఊగేవాళ్ళం. మంచు మోయడానికి వేసిన దూలాలు కదా, ఎంతమందిమి ఎక్కినా కిర్రుమనేవి కావు. ఎండాకాలం పిట్టగోడ పొడవునా చాపల మీద మామిడితాండ్ర పొర మీద పొర ఆరేది, ఆవకాయకి ఆవాలు దంచే రోకటి చప్పుడు వంపు దగ్గర తిరిగి రెట్టింపై వచ్చేది, మధ్యాహ్నం కాలవ మీది గాలి స్తంభాల మధ్య నుంచి చల్లగా దూరితే నాయనమ్మ కొంగు పరుచుకుని, చుట్ట ఆరిపోకుండా నిద్రపోయేది. ఆ విద్య ఇంకెవరికీ రాలేదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం లాకు సూపర్నెంటుగారు గొడుగు ముడుచుకుంటూ నడవాలోకి వచ్చారు. పిట్టగోడ మీద కూర్చోలేదు, అక్కడే మాకు అనుమానం వేసింది.

"సూరమ్మా, ఈ వంటసాలా నడవా తీసేస్తారంట. లోపల భోజనాల గది పక్కన గ్యాసు పొయ్యి పెట్టించాం కదా, ఇంక దీంతో పనేముంది? ఈ ఇటుకలు జీపు షెడ్డుకి సరిపోతాయంట."

"మరి మేవెక్కడుండాలండి?"

"ఊళ్ళో చూసుకోండి. పెద్ద ఇంజనీరుగారు వచ్చే వారం వస్తన్నారు. ఆయన చూసి ఊఁ అంటే ఖాయం."

బండ్లకి ఎప్పుడూ వంటిళ్ళ మీదే ఎందుకు కన్ను పడుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన వెళ్ళాక నాయనమ్మ వంటసాలలోకి వెళ్ళింది. పొగగూడు కింద నిలబడి ఒక్కొక్క కొక్కేన్నీ చేత్తో తాకింది. పెళ్ళికూతురుగా ఆవిడ కుడికాలు పెట్టిన గడప అది. నాన్న పుట్టిందీ, నేను పుట్టిందీ ఆ మూడో పొయ్యి పక్కన. మాకు సెంటు భూమి లేదు. లాకుల పక్కన కాకపోతే నాన్నకి పనీ లేదు. అమ్మ గిన్నెలు సర్దడం మొదలుపెట్టి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ విప్పింది.

"ఆయన కాళ్ళు పట్టుకుందామే అమ్మా," అన్నాడు నాన్న.

నాయనమ్మ చుట్ట వెలిగించింది. "కాళ్ళెందుకురా. ముక్కు పట్టుకుందాం," అంది.

ఇంజనీరుగారు వచ్చిన రోజు జీపు చప్పుడు వినగానే నేను నడవాలోకి పరుగెత్తాను. తెల్లచొక్కా మనిషి, నెమ్మదస్తుడు. చేతికర్రతో గోడలు తడుతూ, కప్పు మీద జారిపోయిన పెంకులు చూస్తూ తిరిగాడు. వంటసాల ముందు నిలబడి, "వానకి కారుతుందా?" అని అడిగితే, సూపర్నెంటుగారు మా బదులు, "ఏరులా కారుద్దండి," అన్నారు. ఆ మాట మాత్రం నిజమే. తరవాత సూపర్నెంటుగారు నాయనమ్మ వైపు తిరిగి, గ్యాసు పొయ్యి మీదే వంట చేసి అయ్యగారికి చూపించమన్నారు.

"అలాగేనండి, మీరెక్కడంటే అక్కడేనండి," అంది నాయనమ్మ, ఇంత బుద్ధిమంతురాలు జిల్లాలో లేనట్టు.

లోపలికి వెళ్ళి, మూకుడు పెట్టి, నూనె పొగలు కక్కాక ఎండుమిరపకాయలు గుప్పెళ్ళతో పోసింది. అవి నల్లబడ్డాక ఎండు నెత్తళ్ళ చేపలు దిమ్మరించింది. భోజనాల గది కప్పు ఎత్తు, కిటికీ తెరలు మందం, మంచు గాలి రాకూడదని దొర బిగించుకున్న తలుపులు గట్టివి. ఘాటు బయటికి దారి తెలియక టేకు మెట్లెక్కింది, దిగింది, చలిపొయ్యిలోకి దూరింది. అక్కడి గొట్టంలో కాపురమున్న పిట్టలన్నీ తుమ్ముకుంటూ హాల్లోకి దిగాయి. పిట్టలు తుమ్ముతాయా అని అడక్కండి, ఆ రోజు తుమ్మాయి. ఇంజనీరుగారొక తలుపులోంచి, సూపర్నెంటుగారొక తలుపులోంచి, జీపు డ్రైవరు కిటికీలోంచి బయటపడి, కళ్ళు కనబడక తడుముకుంటూ గాలి ఎటు వస్తే అటు నడిచి, ముగ్గురూ నడవాలోకే చేరారు. ఇంజనీరుగారు వంపు దగ్గర పిట్టగోడ మీద కూలబడి, కాలవ మీది గాలికి ముఖం పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు.

అసలు భోజనం పొద్దుటే వంటసాలలో మూడు పొయ్యిల మీదా సిద్ధమై ఉంది. నాయనమ్మ వెనక నుంచి వచ్చి పనసపొట్టు కూర గిన్నె నా చేతుల్లో పెట్టి, "ఎల్లవే, ఈలెయ్యి," అంది. గడప దాటాను. నాలిక తడారిపోయింది. పెదాలు చుట్టి ఊదితే నాయనమ్మకి వచ్చినట్టు ఉత్త గాలే వచ్చింది. మళ్ళీ ఊదాను. ఏమీ లేదు. ఎదురుగా ఆ పెద్దమనిషి ఎర్రబడ్డ కళ్ళతో నన్నే చూస్తున్నాడు. ఈల లేకుండా ఆ నడవాలో వంటకం నడవడం మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. నా కాళ్ళు ఆగిపోయాయి. మా ఇల్లు ఈ గిన్నెతో పాటు జారి కింద పడబోతోందనే అనిపించింది.

అప్పుడు వంపు దగ్గర దూలం మీద నుంచి ఈల వచ్చింది. టకటకా కవాతు. వీరన్న తాత వేపుడు ఈల.

ఇంజనీరుగారు తలెత్తాడు. "ఎవరది?"

"గోరింకండి," అన్నాను. "మా ముత్తాత పిట్టకి మనవరాలండి. నాకు నోరెండిపోయిందని తనేసిందండి."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు, గిన్నె కింద పెట్టి మొత్తం చెప్పమన్నాడు. చెప్పాను. కట్లెట్లూ, కవాతూ, కుర్చీ కాలూ, కాలవ ఉప్పదనం కూడా. చెబుతున్నకొద్దీ నోట్లో తడి ఊరింది. నేను ఆపేసరికి నాయనమ్మ విస్తరాకు తెచ్చి పిట్టగోడ మీదే పరిచింది, పొగలు కక్కుతున్న అన్నం వడ్డించింది. ఆయన మొదటి ముద్ద కలుపుతూ అడిగాడు.

"ఏవమ్మా, మిరపకాయలు కావాలనే మాడ్చావా?"

"మీరు వండమన్న చోటే మాడ్చానండి," అంది నాయనమ్మ.

అప్పుడు నవ్వాడు, పొలమారేదాకా నవ్వాడు. తిని, చెయ్యి కడుక్కుని, కర్రతో పైన పెంకులు చూపిస్తూ సూపర్నెంటుగారితో, "ఇవి మార్పించండి. షెడ్డు ఆ చింతచెట్టు పక్కన వేసుకోవచ్చు," అన్నాడు. నాయనమ్మ గడప మీద కూర్చుండిపోయింది. చుట్ట ఆరిపోయింది, నా ఎరికలో అది ఆరిపోవడం అదొక్కసారే. ఆ వానాకాలం మా నెత్తిన ఒక్క చుక్క పడలేదు.

తరవాత నేను పెద్దదాన్నయ్యాను, నాయనమ్మ ఆ మూడో పొయ్యి పక్కనే కన్నుమూసింది, ఇంకొన్నాళ్ళకి నేను పని వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చాను. మంచు కోసం అన్నేళ్ళు ఎదురుచూసిన బంగళా కప్పు ఒక తుఫానుకి లేచిపోయింది. తలుపులూ మెట్లూ ఎవరో పట్టుకుపోయారు. నడవా, వంటసాలా మాత్రం గట్టు మీద రోడ్డు వెడల్పు చేసేదాకా నిలబడ్డాయి. మొన్న సెలవుకి వెళ్ళినప్పుడు అక్కడ బస్సు ఆగే చోటుంది, టీ కొట్టుంది. కొట్టు మెట్టు కింద ఆనించిన పాత ఇటుక పెళ్ళ ఒకటి గుర్తుపట్టాను. టీ పోసే కుర్రాడు చూడకుండా నాలిక చివర ఆనించి నిర్ధారణ చేసుకుని, సంచిలో వేసుకుని కువైట్ తెచ్చుకున్నాను.

ఇక ఆ శుక్రవారం సంగతి. దగ్గులు తగ్గి అందరం పెరట్లో నీడ పట్టున నిలబడ్డాక మామా నా వంక అదోలా చూసింది. అరబ్బీలో అడిగింది, నువ్వు ఇది కావాలనే చేశావా అని. నాకు వచ్చిన అరబ్బీలో చెప్పాను, మీవాడు వండమన్న చోటే చేశాను మామా అని. మామా కొడుకు మొహం చూసింది, నన్ను చూసింది, నవ్వడం మొదలుపెట్టి గోడ పట్టుకుంది. నవ్వు తెరిపిన పడ్డాక చెప్పుకొచ్చింది: తన చిన్నప్పటి మట్టి ఇంట్లో కూడా వంట పెరడు దాటి అవతలి మూలనే ఉండేదట, వాళ్ళమ్మ అక్కడి నుంచి చేపల పళ్ళెం నెత్తిన పెట్టుకుని కాలే ఇసకలో చెప్పుల్లేకుండా గంతులేస్తూ వచ్చేదట. తరవాత కొడుకు వైపు తిరిగి, "వంటగది ఉంటుంది. ఖలాస్," అంది, ఇక మాట లేదని. నన్ను అడిగింది, నీకేం కావాలి అని. ఈ ఎండ మీద ఒక కప్పు కావాలి మామా అన్నాను, ఇక్కడి నుంచి అక్కడి దాకా. వీలైతే మధ్యలో ఒక వంపు.

వంపు ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు గానీ, కట్టారు. కట్టడానికి వచ్చిన మేస్త్రీ రాజన్నది జగిత్యాల. మొదటి స్తంభానికి గుంత తీస్తుంటే నా ఇటుక పెళ్ళ తీసుకెళ్ళి ఇచ్చాను.

"గిదేందక్కా, గీ పెళ్ళ?"

"అడుగున పెట్టు తమ్ముడూ. అందులో బెల్లముంది, కోడిగుడ్లున్నాయి."

"ఏందీ, బిర్యాని గూడ ఉన్నదా?" అన్నాడు. కానీ పెట్టాడు, పైన సిమెంటు జాగ్రత్తగా పోశాడు. "యల్లా, ఇగ ఇది నూరేండ్లుంటది," అన్నాడు, ఇక్కడి అరబ్బీ మాట కలిపి.

నాయనమ్మ లేదు, ఆ పిట్టగోడ మీద ఆరే తాండ్ర లేదు, ఈల విని ఆగే పడవలు లేవు, ఎర్ర అద్దంలో పండే చేతులు లేవు. కానీ ఇక్కడ మా కొత్త నడవా కింద నాపాటికి నేను పళ్ళెం పట్టుకుని నడుస్తుంటే నీడ చల్లగా తగులుతుంది. నూరా గుమ్మంలో కూర్చుని నా ఈల విని, "దజాజ్," అనో, "సమక్," అనో కోడో చేపో చెబుతుంది, తప్పు చెబితే కుంటికాలితో వస్తుంది. కువైట్‌లో గోరింకలు బోలెడున్నాయి, ఎక్కడి నుంచి వచ్చాయో, వాటికి ఇఖామాలు, అదే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కాయితాలు, ఎవరిస్తారో తెలియదు. వాటిలో ఒకటి రెండు నెలలుగా వంపు దగ్గర దూలం మీదకి చేరుతోంది. రోజూ దానికి నాలుగు మెతుకులు వేసి కవాతు వినిపిస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం వేయించిన చేప పళ్ళెంతో వంపు తిరిగాను. హాల్లోంచి మామా మాటలు వినబడుతున్నాయి. ఒక చిన్న ముక్క తీసి నోట్లో వేసుకున్నాను. ఈల ఆగలేదు.